పెగ్ ఇంటర్‌ఫెరాన్ సిరంజిలో ఏముంది, దాన్నెందుకంత జాగ్రత్తగా చూసుకోవాలి

మీరడిగినవి నాలుగు విషయాలు. ఉదయగిరిలో ఉండే మీ అన్నకి హెపటైటిస్ బి. నెల్లూరులో డాక్టరు గారు పెగ్ ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా-2ఏ రాశారు, 180 మైక్రోగ్రాములు, వారానికొకటి, 48 వారాలు. మొదటి ఇంజెక్షన్ వేసిన రాత్రే వణుకుతో జ్వరమొచ్చింది, మందు పడలేదేమో, చెడిపోయిందేమో అని ఇంట్లోవాళ్ళ భయం. ఈ ఎండల్లో ఆత్మకూరు మీదుగా బస్సులో దాన్ని ఎలా తీసుకెళ్ళాలన్నది రెండోది. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నారు కాబట్టి 2ఏకీ 2బీకీ తేడా ఏంది, ఈ పెగ్ ఏంది అన్నది మీ సొంత సందేహం. ఆఖరిది, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులున్న మీ పెదనాన్నకి ఎవరో ఇంటర్‌ఫెరాన్ పౌడర్ అని ఒకటి అమ్మజూపారు, కొనొచ్చా అని.

నాలుగింటికీ జవాబు ఇంటర్‌ఫెరాన్ అనే ఆ ప్రోటీన్ ఆకారంలోనే ఉంది. అట్టపెట్టె మీద రాసిన జాగ్రత్తలూ, మందు పడ్డాక ఒంట్లో కనిపించే బాధలూ అక్కడి నుంచే వస్తాయి. అందుకని ముందు ఆకారం సంగతి చెప్పి, తర్వాత బస్సు సంగతికి వస్తాను.

1957లో లండన్ మిల్ హిల్‌లోని పరిశోధనశాలలో ఆలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు కోడిగుడ్డు లోపలి పొరలకి వేడితో నిర్వీర్యం చేసిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్ తగిలించి చూశారు. ఆ పొరలు ఏదో పదార్థాన్ని బయటికి వదిలాయి. దాన్ని కొత్త పొరల మీద వేస్తే బతికున్న వైరస్ కూడా వాటిలో పెరగలేకపోయింది. వైరస్ సోకిన కణం పక్క కణాలకి పంపే హెచ్చరిక అది, దానికే ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. మనుషుల్లో వీటిని మూడు రకాలుగా చూస్తారు. ఆల్ఫా, బీటా, ఒమేగా, ఎప్సిలాన్, కప్పా మొదటి రకం, వీటి జన్యువులన్నీ 9వ క్రోమోజోమ్ మీద గుంపుగా ఉంటాయి. ఒక్క ఆల్ఫాకే 13 జన్యువులున్నాయి. రెండో రకంలో గామా ఒక్కటే, 12వ క్రోమోజోమ్. మూడోది లామ్డా, 19వది. మందుగా వాడుకలో ఉన్నవి ముఖ్యంగా ఆల్ఫా-2, బీటా-1, గామా-1బీ.

మీ అన్న సిరంజిలో ఉన్న ఆల్ఫా-2 ప్రోటీన్‌లో 165 అమైనో ఆమ్లాలుంటాయి, బరువు దాదాపు 19,200 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం). బీటా షీట్లు, అంటే పలకల్లా పరుచుకున్న భాగాలు, లేవు. స్ప్రింగులా మెలిక తిరిగిన ఐదు ఆల్ఫా హెలిక్సులు మాత్రమే. వాటిని ఏ (A) నుంచి ఈ (E) దాకా ఇంగ్లీషు అక్షరాలతో పిలుస్తారు. తోటలో కొట్టిన సరుగుడు కర్రల్ని కట్టగా కట్టినట్టు ఏ, బీ, సీ, ఈ హెలిక్సులు నాలుగూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, డీ పక్కన చేరుతుంది. ఏ నుంచి బీకి వెళ్ళే దారి మాత్రం పొడవాటి లూప్, ఏబీ లూప్ అంటారు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, పనంతా అక్కడే జరుగుతుంది. కట్ట విడిపోకుండా రెండు డైసల్ఫైడ్ బంధాలున్నాయి, అంటే సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు రెండేసి గంధకం ద్వారా జతపడటం. 1వ సిస్టీన్‌కీ 98వ సిస్టీన్‌కీ మధ్య ఒకటి, 29కీ 138కీ మధ్య ఇంకొకటి. రెండూ సమానం కావు. 1-98 బంధం లేకపోయినా మందు చాలావరకు పనిచేస్తుంది. 29-138 తెగితే ఏబీ లూప్ తన చోట నిలవదు, పని బాగా పడిపోతుంది.

అయితే కట్టని నిజంగా నిలబెడుతున్నవి ఈ రెండు బంధాలే అనుకోకండి. హెలిక్సుల లోపలి వైపు లూసిన్, ఫెనైల్ అలనిన్ లాంటి నీళ్ళంటే గిట్టని అమైనో ఆమ్లాలున్నాయి. అవి నీటికి దూరంగా లోపల దాక్కోవాలని చూడటం వల్లే ఐదూ కలిసి ఉంటాయి. ఈ బలం పెద్దదేం కాదు. కాస్త వేడి, కాస్త కుదుపు, మంచు, గాలి బుడగ, వీటిలో ఏదైనా ఆ లోపలి భాగాన్ని బయట పెట్టగలదు. ఒకసారి బయటపడితే అది పక్క అణువు లోపలి భాగాన్ని వెతుక్కుని అతుక్కుంటుంది. అలా అణువులు ముద్దకట్టడం మొదలైతే వెనక్కి తిప్పే దారి లేదు, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టినా విడిపోవు. జాగ్రత్తలన్నిటికీ మూలం ఇదే.

2ఏ, 2బీ తేడా 23వ స్థానంలో ఉంది. 2ఏలో అక్కడ లైసిన్, 2బీలో ఆర్జినిన్. రెండింటికీ ధనావేశమే, ఆకారం మారదు, రోగం మీద పనిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ 1986లో అమెరికాలో హెయిరీ సెల్ లుకేమియా అనే అరుదైన రక్త క్యాన్సర్‌కి అనుమతి పొందాయి. ఒంట్లో సహజంగా తయారయ్యే ఆల్ఫా-2కి 106వ థ్రియోనిన్ మీద చిన్న చక్కెర గొలుసు ఉంటుంది. ఈ.కోలై బాక్టీరియాలో చేసిన మందుకి అది ఉండదు, లేకపోయినా లోటు లేదు.

బీటా దగ్గరికొచ్చేసరికి చక్కెర సంగతి అలా తీసేయడానికి లేదు. సీహెచ్‌ఓ కణాల్లో (హ్యామ్‌స్టర్ అనే ఎలుకలాంటి జీవి కణాలు) చేసే బీటా-1ఏకి 166 అమైనో ఆమ్లాలు, 80వ ఆస్పరజిన్ మీద చక్కెర గొలుసు, మొత్తం బరువు దాదాపు 22,500 డాల్టన్లు. ఈ.కోలైలో చేసే బీటా-1బీకి చక్కెర లేదు, మొదటి మెథియోనిన్ లేదు, 17వ స్థానంలో జత లేని సిస్టీన్ తప్పు బంధాలు కడుతుందని దాన్ని సెరీన్‌గా మార్చారు. చక్కెర కప్పు లేని బీటా నీళ్ళలో త్వరగా ముద్దకడుతుంది. ఫలితం చూడండి. 1ఏకి మిల్లీగ్రాముకి దాదాపు 20 కోట్ల యూనిట్లకి పైగా పనితనం ఉంటే 1బీకి 3.2 కోట్లే. అందుకే మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బుకి 1ఏ వారానికి 30 మైక్రోగ్రాములు కండలోకి ఇస్తే సరిపోయే చోట 1బీని రోజు విడిచి రోజు 250 మైక్రోగ్రాములు చర్మం కింద ఇవ్వాలి. మందుని అడ్డుకునే యాంటీబాడీలు కూడా 1బీ వాడేవాళ్ళలోనే ఎక్కువ పుడతాయి. పెట్టె మీద బీటా ఇంటర్‌ఫెరాన్ అని ఉంది కదా అని ఒకదాని బదులు ఇంకోటి తేవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీరు బయోటెక్నాలజీ విద్యార్థి కాబట్టి తయారీ గురించి నాలుగు మాటలు. ఈ.కోలై లోపల ఈ ప్రోటీన్ ఎక్కువగా ఇంక్లూజన్ బాడీలుగా, అంటే మడత పడని ముద్దలుగా చేరుతుంది. కణాలు పగలగొట్టి, ముద్దల్ని కడిగి, 6 మోలార్ గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్‌లోనో 8 మోలార్ యూరియాలోనో, డైసల్ఫైడ్ బంధాల్ని విడదీసే డీటీటీతో కరిగించి, మళ్ళీ మడత పెట్టాలి. విద్యార్థులు దెబ్బతినేది ఈ మడత దగ్గరే. నాలుగు సిస్టీన్లు పూర్తిగా జతపడటానికి మూడు దారులుంటే వాటిలో సరైనది ఒక్కటే. గ్లూటాథయోన్ రెండు రూపాల్నీ (ఆక్సిజన్ పట్టినదీ, పట్టనిదీ) కలిపి ఉంచితే తప్పు జతలు విడిపోయి మళ్ళీ కట్టుకునే అవకాశం దొరుకుతుంది. ప్రోటీన్‌ని మిల్లీలీటరుకి 0.1 మిల్లీగ్రాము దగ్గర పలచగా ఉంచండి. ఎక్కువ చిక్కగా ఉంటే మడత పడేలోపే ఒకదానికొకటి అతుక్కుంటాయి. 0.5 మోలార్ ఆర్జినిన్ కలిపితే ముద్దకట్టడం తగ్గుతుంది. ఒక్కసారిగా పోయకుండా చల్లటి బఫర్‌లోకి చుక్కలుగా వదలండి. తర్వాత అయాన్ ఎక్స్‌ఛేంజ్, ఆపైన సైజు వారీ క్రోమటోగ్రఫీ. సైజు కాలమ్‌లో అసలు శిఖరానికి ముందే ఇంకో చిన్న శిఖరం వస్తే అది డైమర్ (రెండు అణువుల జత) లేదా ముద్ద. రివర్స్ ఫేజ్ క్రోమటోగ్రఫీలో పక్కన భుజంలా కనిపిస్తే చాలాసార్లు 111వ మెథియోనిన్‌కి ఆక్సిజన్ పట్టిందని అర్థం. ఎన్ని శిఖరాలు బాగున్నా చివరి తీర్పు మాత్రం కణాల మీద చేసే పరీక్షదే. ఏ549 లాంటి మనిషి ఊపిరితిత్తుల కణాలకి మందు పట్టించి, వైరస్ వేసి, ఎన్ని బతికాయో చూడాలి. యూరోపియన్ ఫార్మకోపియా ఆల్ఫా-2కి మిల్లీగ్రాముకి కనీసం 14 కోట్ల యూనిట్ల పనితనం అడుగుతుంది.

మన దేశంలో ఈ మందు తయారీకి మన జిల్లా పేరు కూడా కలిసి ఉంది. నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెంలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి టీకాని, ఆ తర్వాత ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా-2బీని తెచ్చింది. ఆ ఇంటర్‌ఫెరాన్‌ని బాక్టీరియాలో కాకుండా పికియా అనే ఈస్ట్‌లో చేశారు. విదేశాల నుంచి వస్తే తప్ప దొరకని మందులవి ఒకప్పుడు. మీ ప్రాజెక్టుకి అంశం వెతుకుతుంటే ఈస్ట్‌లో మడత పడే తీరుకీ బాక్టీరియాలో మడత పడే తీరుకీ ఉన్న తేడా మంచి అంశం.

ఇప్పుడు జ్వరం. దానికి రిసెప్టర్ల దగ్గర, అంటే కణం పైన సంకేతాల్ని అందుకునే ప్రోటీన్ల దగ్గర, ఏం జరుగుతుందో తెలియాలి. దాదాపు ప్రతి కణం పైనా ఐఎఫ్ఎన్ఏఆర్-1, ఐఎఫ్ఎన్ఏఆర్-2 అని రెండు రిసెప్టర్లుంటాయి. ఆల్ఫా-2 ముందు రెండోదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టులో ఏబీ లూప్‌లోని 33వ ఆర్జినిన్‌ది ప్రధాన పాత్ర, దాన్ని మార్చేస్తే పట్టు దాదాపు పోతుంది. తర్వాత ప్రోటీన్ అవతలి ముఖం ఒకటో రిసెప్టర్‌ని వదులుగా పట్టుకుంటుంది. ఇలా రెండింటినీ ఒకచోటికి చేర్చడమే ఇంటర్‌ఫెరాన్ చేసే పని, అది కణం లోపలికి వెళ్ళి వైరస్‌ని ఏమీ చేయదు. రిసెప్టర్లు దగ్గరైతే వాటి తోకలకి అంటుకుని ఉన్న టైక్2, జాక్1 అనే ఎంజైములు ఒకదాన్నొకటి మేలుకొలుపుతాయి. అవి స్టాట్1, స్టాట్2 ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఆ రెండూ ఐఆర్ఎఫ్9తో కలిసి కేంద్రకంలోకి వెళ్ళి వందల జన్యువుల్ని తెరుస్తాయి. ఫాస్ఫేట్ తగలడం నిమిషాల్లో, జన్యువులు తెరుచుకోవడం గంటల్లో జరుగుతుంది.

ఆ జన్యువుల నుంచి వచ్చే ప్రోటీన్లలో ఓఏఎస్ అనేది వైరస్ ఆర్ఎన్ఏని గుర్తించి, దాన్ని ముక్కలు చేసే ఆర్ఎన్‌ఏస్ ఎల్‌ని నిద్ర లేపుతుంది. పీకేఆర్ అనేది కణంలో ప్రోటీన్ల తయారీనే ఆపుతుంది, దాంతో వైరస్‌కి కావలసినవి దొరకవు. హెపటైటిస్ బి విషయంలో ఇంకో మేలుంది. ఈ వైరస్ కాలేయ కణం కేంద్రకంలో గుండ్రటి డీఎన్ఏగా, సీసీసీ డీఎన్ఏగా, తిష్ఠ వేస్తుంది. టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు కొత్త వైరస్ తయారీని ఆపుతాయి గానీ ఆ డీఎన్ఏ జోలికి నేరుగా వెళ్ళవు. ఇంటర్‌ఫెరాన్ దాని నోరు మూయించగలదు, కొంతవరకు కరిగించనూ గలదు. పైగా సోకిన కణాల్ని చంపే ఎన్‌కే కణాల్ని ఉసిగొలుపుతుంది. మాత్రలు ఏళ్ళ తరబడి మింగాలి, దీనికి 48 వారాలని గడువుంది. కొందరికి డాక్టర్లు దీన్ని ఎంచుకునేది ఇందుకే.

జ్వరం కూడా ఇదే సంకేతం వల్ల వస్తుంది. మెదడులో ఉష్ణోగ్రతని నిర్ణయించే చోట ఇంటర్‌ఫెరాన్ ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే జ్వరం తెచ్చే రసాయనాన్ని పెంచుతుంది. ఫ్లూ వచ్చినప్పుడు మన ఒళ్ళు నొప్పులకీ, వణుకుకీ ఒక కారణం మన సొంత ఇంటర్‌ఫెరానే. కాబట్టి మొదటి రాత్రి జ్వరం వచ్చిందంటే మందు చెడిపోయిందని కాదు, చాలావరకు రిసెప్టర్‌కి అందిందని అర్థం. చెడిపోయి ముద్దకట్టిన మందు జ్వరం తేకుండా ఊరికే పోయే అవకాశమే ఎక్కువ. అయితే జ్వరం రాకపోతే మందు పనిచేయట్లేదని మాత్రం అనుకోవద్దు, చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. కణాలు సాక్స్1, యూఎస్‌పీ18 అనే అడ్డుకట్ట ప్రోటీన్లు తయారుచేసుకుని సంకేతాన్ని తగ్గించుకుంటాయి. రాత్రి పడుకునే ముందు ఇంజెక్షన్ వేసుకుంటే జ్వరం నిద్రలో గడిచిపోతుంది. ఆ పూట నీళ్ళు, మజ్జిగ బాగా తాగమనండి. పారాసిటమాల్ వేసుకోవచ్చు, కాలేయ జబ్బు ఉంది కాబట్టి రోజు మొత్తంలో 2 గ్రాములు దాటకుండా, డాక్టరు గారిని అడిగి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు దుకాణంలో అడిగి తెచ్చుకోవద్దు. నాలుగైదు రోజులైనా తగ్గని జ్వరం, లేదా ఇంజెక్షన్‌తో సంబంధం లేని రోజుల్లో వచ్చే జ్వరం వేరే సంగతి. అప్పుడు రక్త పరీక్ష చేయించాల్సిందే, తెల్ల కణాలు పడిపోయి ఇన్‌ఫెక్షన్ సోకి ఉండొచ్చు.

పెగ్ అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్. మామూలు ఆల్ఫా-2 చిన్న ప్రోటీన్ కావడంతో మూత్రపిండాల జల్లెడలోంచి సులువుగా జారిపోతుంది, రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 5 గంటలే పడుతుంది. అందుకే పాత రోజుల్లో వారానికి మూడుసార్లు, కొన్ని జబ్బులకి రోజూ పొడిచేవాళ్ళు. రక్తంలో మందు ఒకరోజు కొండంత ఎత్తుకి పెరిగి మర్నాటికి పాతాళానికి పడేది, ఆ మధ్యలో వైరస్ మళ్ళీ లేచేది. పెగ్ గొలుసు తగిలిస్తే దాని చుట్టూ నీళ్ళు చేరి అణువు ఉబ్బినట్టవుతుంది, జల్లెడ దాటలేదు. మీ అన్నకి రాసిన 2ఏలో 40,000 డాల్టన్ల రెండు కొమ్మల పెగ్‌ని ఏదో ఒక లైసిన్‌కి, ఎక్కువగా 31, 121, 131, 134 స్థానాల్లో, గట్టి అమైడ్ బంధంతో అతికించారు. మొత్తం బరువు దాదాపు 60,000. ఇంజెక్షన్ తర్వాత 72 నుంచి 96 గంటలకి రక్తంలో పతాక స్థాయికి చేరుతుంది, వారమంతా ఉంటుంది.

దీనికి మూల్యం కూడా ఉంది. ఆ పెద్ద కొమ్మ రిసెప్టర్‌కి అడ్డుపడుతుంది. గాజు పాత్రలో కణాల మీద పరీక్షిస్తే పెగ్ 2ఏకి అసలు ప్రోటీన్ పనితనంలో 7 శాతమే మిగులుతుంది. అయినా ఒంట్లో అన్ని రోజులు ఉండటం వల్ల మొత్తం మీద లాభమే. పెగ్ 2బీ దారి వేరు. 12,000 డాల్టన్ల తిన్నని గొలుసు, ఎక్కువగా 34వ హిస్టిడిన్ మీద, మెల్లగా తెగిపోయే బంధంతో ఉంటుంది. దానికి 28 శాతం దాకా పనితనం మిగులుతుంది, కానీ త్వరగా పోతుంది, మోతాదు ఒంటి బరువుని బట్టి లెక్కించాలి. 23వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం తేడా పట్టించుకోనవసరం లేదని పైన చెప్పాను. పెగ్ తేడా మాత్రం పెద్దది. చికిత్స మధ్యలో 2ఏ దొరకలేదని ఫార్మసీలో 2బీ ఇస్తే తీసుకోవద్దు, డాక్టరు గారికి ఫోన్ చేయండి.

ఇక బస్సు. పెగ్ 2ఏని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రిజ్ బయట మొత్తం 24 గంటలు మించకూడదు. ఆ 24 గంటలు కూడా మామూలు గది వేడికి వర్తించేవే, రోహిణి కార్తెలో ఉదయగిరి మధ్యాహ్నానికి కాదు. చాలామంది ఎండకే భయపడి మందుని నేరుగా ఐసు ముక్కల్లో పెడతారు. గడ్డకడితే జరిగే నష్టం ఎండ కంటే తక్కువేం కాదు. నీళ్ళు మంచు అవుతుంటే మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడుతుంది, ప్రోటీన్ మంచు పలకల మీద అతుక్కుని విప్పుకుంటుంది, కరిగాక ముద్దలు మిగులుతాయి. చూడ్డానికి మాత్రం నీళ్ళలాగే ఉంటుంది.

ఆశా కార్యకర్తలు టీకాలు తెచ్చే వ్యాక్సిన్ క్యారియర్ లాంటి డబ్బా దొరికితే అదే మేలు. లేకపోతే గట్టి మూతున్న థర్మోకోల్ డబ్బా. జెల్ ప్యాకుల్ని ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే పెట్టకండి, అప్పుడవి సున్నాకి చాలా కింద ఉంటాయి. బయట ఉంచి, పైన చెమట పట్టేదాకా, కదిలిస్తే లోపల నీళ్ళు కాస్త కదిలేదాకా ఆగండి. ఈ ఎండల్లో అరగంట లోపే అవుతుంది. తర్వాత వాటిని తువ్వాలులో చుట్టి గోడల వెంట పెట్టి, మధ్యలో మందుని దాని అట్టపెట్టెతో సహా ఉంచండి. ప్యాకు అట్టపెట్టెకి తగలకూడదు. అట్టపెట్టె తీసేయొద్దు, వెలుతురు కూడా ఈ ప్రోటీన్‌కి చేటే. వీలైతే చిన్న డిజిటల్ థర్మామీటరు తీగ లోపల పెట్టండి. డబ్బాని బస్సు డిక్కీలో వేయొద్దు, ఇంజిన్ పక్కన పెట్టొద్దు, ఒళ్ళో పెట్టుకోండి. ఆగి ఉన్న కారులో పది నిమిషాలే కదా అని వదిలేయడం అన్నిటికంటే చెడ్డది. తెల్లవారుజాము బస్సు పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకండి, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. ఫ్రీజర్ గోడకి ఆనించి పెడితే గడ్డకట్టొచ్చు. నడిమి అరలో, ముందువైపు ఉంచండి. కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచితే కొన్ని గంటలు చల్లదనం నిలుస్తుంది. ఫ్రిజ్‌లో నీళ్ళ సీసాలు నిండుగా ఉంటే ఇంకాస్త ఎక్కువసేపు. నాలుగు వారాల మందు ఒకేసారి తెచ్చి పెట్టుకోవడం సౌకర్యమే కానీ, కరెంటు కోతలున్న ఊళ్ళో ఒక్క రాత్రిలో నాలుగూ పోవచ్చు. రెండేసి తెచ్చుకోవడం నయం.

సిరంజిని ఊపవద్దు. ద్రవం, గాలి కలిసే చోట ప్రోటీన్ విప్పుకుంటుంది, ఊపిన కొద్దీ అలాంటి చోటు పెరుగుతుంది. అందుకే పాలీసార్బేట్ 80 లాంటివి కలుపుతారు, అయినా దానికీ హద్దుంది. టీకాల దగ్గర షేక్ టెస్ట్ అని ఒకటుంది, గడ్డకట్టిందో లేదో ఊపి అడుగున తేరుకునే తీరు చూసి చెబుతారు. అది అల్యూమినియం లవణం ఉన్న టీకాలకే. హెపటైటిస్ బి టీకాకి పనికొస్తుంది, ఇంటర్‌ఫెరాన్‌కి పనికిరాదు, పైగా మందునే పాడుచేస్తుంది. తెలిసిన ఏఎన్‌ఎం అయినా సరే, ఊపి చూస్తానంటే వద్దని చెప్పండి.

ముద్దకట్టిన మందు వాడితే ఏమవుతుంది? ఒకటి, పనితనం తగ్గుతుంది. రెండోది ఇంకా చెడ్డది. వరుసగా అతుక్కుని ఉన్న ఒకే రకం ప్రోటీన్‌ని మన రోగనిరోధక వ్యవస్థ వైరస్ పైపొరలా చూసి యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి తర్వాత వచ్చే మంచి మందుని కూడా పట్టేస్తాయి. ఇది ఊహ కాదు. పెగ్ రాకముందు ఆల్ఫా-2ఏని అల్బుమిన్ అనే మనిషి రక్తపు ప్రోటీన్‌తో కలిపి పొడిగా చేసి గది వేడిలో నిల్వ ఉంచిన రోజుల్లో, ఆక్సిజన్ పట్టిన అణువులూ, అల్బుమిన్‌తో అతుక్కున్న ముద్దలూ ఏర్పడి ఎక్కువమందిలో యాంటీబాడీలు పుట్టించాయి. అల్బుమిన్ తీసేసి, చల్లగా నిల్వ చేయడం మొదలుపెట్టాక అది తగ్గింది.

వేసుకునే రోజు సిరంజిని ఫ్రిజ్ నుంచి తీసి అరచేతుల మధ్య ఒక నిమిషం మెల్లగా దొర్లించండి. చల్లగా పొడిస్తే నొప్పి ఎక్కువ. ద్రవం రంగులేకుండా లేదా లేత పసుపుగా, తేటగా ఉండాలి, నలకలు కనిపిస్తే వాడొద్దు. పొట్ట మీద బొడ్డు చుట్టుపక్కల రెండంగుళాలు వదిలి, లేదా తొడ మీద, చర్మం కింద వేయాలి. ప్రతి వారం చోటు మార్చాలి, ఒకేచోట వేస్తే ఎర్రగా గట్టిపడుతుంది. ఒకటీ రెండు రోజులు ఆలస్యమైతే గుర్తొచ్చిన వెంటనే వేసి, మామూలు రోజుకే మళ్ళీ రావచ్చు. అంతకు మించితే డాక్టరుని అడగాలి. ఎట్టి పరిస్థితిలోనూ రెండు డోసులు కలిపి వేయొద్దు.

రక్త పరీక్షలు మానడం ఈ చికిత్సలో అందరూ చేసే పొరపాటు. కణాలు విభజన చెందడాన్ని నెమ్మది చేయడం ఇంటర్‌ఫెరాన్ గుణం, లుకేమియాకి పనికొచ్చిందీ ఆ గుణమే. మూలగలో తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ తగ్గేది కూడా దానివల్లే. 2వ వారం, 4వ వారం, ఆ తర్వాత నాలుగారు వారాలకోసారి కౌంట్లు చూడాలి. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు మైక్రోలీటరు రక్తంలో 750 కంటే తగ్గితే 180 నుంచి 135 మైక్రోగ్రాములకి దించుతారు, 500 కంటే తగ్గితే ఆపుతారు. ప్లేట్‌లెట్లు 50,000 కిందికి వస్తే 90కి, 25,000 కిందికి వస్తే పూర్తిగా ఆపుతారు. థైరాయిడ్ 12 వారాలకోసారి. ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైము మధ్యలో ఒక్కసారిగా పెరగొచ్చు. సోకిన కణాల మీద రోగనిరోధక దాడి మొదలైందనడానికి అది గుర్తు కావచ్చు, కాలేయం దెబ్బతింటోందనడానికీ కావచ్చు. కళ్ళు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. అసలే కాలేయం బాగా దెబ్బతిని పొట్టలో నీరు చేరినవాళ్ళకి ఈ మందు ఇవ్వకూడదు. ఇంకోటి, టెల్బివుడిన్ అనే మాత్రతో దీన్ని కలపకూడదు, నరాలు దెబ్బతింటాయి.

మనసు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంటర్‌ఫెరాన్ దిగులునీ, చిరాకునీ, నిద్రలేమినీ తెస్తుంది, కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచన కూడా. అది మనిషి బలహీనత కాదు, మందు ప్రభావం. మీ అన్న మాట తగ్గించినా, తిండి మానేసినా, ఊరికే కోప్పడుతున్నా, మామూలే అనుకోకుండా అదే వారం డాక్టరుతో చెప్పండి. మీ వదినకీ, అమ్మకీ ఇది ముందే చెప్పి ఉంచండి, రోజూ చూసేది వాళ్ళే.

ఫలితం గురించి నిజం చెప్పాలంటే, హెచ్‌బీఈ యాంటిజెన్ అనే వైరస్ ప్రోటీన్ రక్తంలో ఉన్నవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి అది పోయి యాంటీబాడీ వస్తుంది. వైరస్ పైపొర ప్రోటీన్ అయిన హెచ్‌బీఎస్ యాంటిజెన్ పూర్తిగా పోయేది చాలా తక్కువమందికి. ఈ వైరస్‌లో మన దేశంలో ఎక్కువగా కనిపించే డీ (D) జన్యురకం, ఏ (A) జన్యురకమంత బాగా లొంగదు. అందుకే 12వ వారంలో హెచ్‌బీఎస్ యాంటిజెన్ పరిమాణం కొలిపించండి. అది ఏమాత్రం తగ్గకపోతే మిగిలిన 36 వారాలు బాధపడి ఖర్చుపెట్టడం కంటే ఆపి మాత్రలకి మారడమే మంచిదని డాక్టర్లు చెబుతారు, నా అభిప్రాయం కూడా అదే. ఆ పరీక్ష చేయించమని మీరే అడగండి.

ఆఖరికి మీ పెదనాన్న రొయ్యలు. ఇంటర్‌ఫెరాన్లు వెన్నెముక ఉన్న జీవుల సొత్తు. చేపకి ఉన్నాయి, కోడికి ఉన్నాయి. ఆవులు, గొర్రెల్లో అయితే టౌ అని ప్రత్యేకంగా ఒకటుంది. మన ఒంగోలు ఆవు చూలు కట్టిన పదిహేను, పదిహేడు రోజులప్పుడు లోపలి పిండం ఆ టౌని వదిలి, తాను ఉన్నానని తల్లి గర్భసంచికి తెలియజేస్తుంది. అది అందకపోతే ఆవు మళ్ళీ ఎదకొస్తుంది. ఆకారంలో టౌ కూడా ఇవే ఐదు హెలిక్సులు. రొయ్యకి మాత్రం ఇంటర్‌ఫెరాన్ జన్యువూ లేదు, దాన్ని పట్టుకునే ఐఎఫ్ఎన్ఏఆర్ రిసెప్టరూ లేదు. వెనామీ రొయ్యలో వేగో అనే వేరే ప్రోటీన్ కొంతవరకు అలాంటి పని చేస్తుంది, కానీ అది దీనికి చుట్టం కాదు. పైగా ఇది ప్రోటీన్. పౌడర్‌గా చేసి, మేతకి పట్టించి, ఎండలో ఆరబెట్టి, చెరువులో చల్లితే రొయ్య దాన్ని మామూలు మాంసకృత్తుల్లాగే అరిగించుకుంటుంది. రొయ్యలకి వచ్చే వైట్ స్పాట్ వైరస్ జబ్బు మీద దానికి పనిచేసే దారే లేదు. ఆ డబ్బు పెట్టి సీడ్ (రొయ్య పిల్లల్ని) దింపే ముందు పీసీఆర్ పరీక్ష చేయించమనండి, పక్క చెరువు నీళ్ళు, పీతలు లోపలికి రాకుండా గట్ల మీద వల కట్టించమనండి.